అరుంధతీ వశిష్ఠ నక్షత్రాలు నిజంగా ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతున్నాయా? ఆరు నక్షత్రాల లెక్క ఎలా తేలింది?

నల్లబల్ల (ప్రశ్న):

నమస్కారం. నేను ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం బోధిస్తున్నాను. పెళ్ళిళ్ళ కాలం వచ్చిందంటే వాట్సాప్‌లో ఒక సందేశం మళ్ళీ మళ్ళీ తిరుగుతుంది. మామూలు జంట నక్షత్రాలలో ఒకటి స్థిరంగా ఉంటే రెండవది దాని చుట్టూ తిరుగుతుందనీ, అరుంధతీ వశిష్ఠ నక్షత్రాలు మాత్రం ఒకదాని చుట్టూ ఒకటి సమానంగా తిరుగుతాయనీ, ఆ సంగతి తెలిసే మన పూర్వులు కొత్త దంపతులకు వాటిని చూపించే ఆచారం పెట్టారనీ దాని సారాంశం. ఈ ఏడు ఆ సందేశాన్ని మా తొమ్మిదో తరగతి పిల్లలే తీసుకొచ్చి నిజమేనా అని అడిగారు. తెలిసీ తెలియని జవాబు చెప్పడం ఇష్టం లేక, కనుక్కుని చెబుతానన్నాను.

నేను చదివినంతలో సప్తర్షి మండలంలోని వశిష్ఠుడు, అంటే మిజార్, ఒక్క నక్షత్రం కాదనీ నాలుగనీ, అరుంధతి, అంటే ఆల్కోర్, రెండనీ, మొత్తం ఆరనీ ఉంది. కంటికి రెండే కనిపిస్తాయి, చిన్న టెలిస్కోపులో మూడు కనిపిస్తాయి. మిగిలిన మూడింటి సంగతి ఎలా తెలిసింది? ఈ ఆరూ ఒకే కుటుంబమా, లేక మన చూపు వరుసలో పడిన వేర్వేరు నక్షత్రాలా? వాటి ద్రవ్యరాశినీ దూరాన్నీ ఎలా కొలిచారు? సూత్రాలు రాసినా ఫరవాలేదు, పిల్లలకు ఎలా విడమరచి చెప్పాలో నేను చూసుకుంటాను.

ధ్రువరేఖ:

మాస్టారూ, ముందు ఆ సందేశం సంగతి చూద్దాం. అందులో మొదటి వాక్యమే తప్పు. గురుత్వాకర్షణతో ముడిపడిన ఏ రెండు వస్తువులైనా తమ ఉమ్మడి ద్రవ్యరాశి కేంద్రం చుట్టూనే తిరుగుతాయి, ఒకటి కదలకుండా ఉండడం అన్నది ఎక్కడా లేదు. బరువైనది చిన్న వలయంలోనూ తేలికైనది పెద్ద వలయంలోనూ తిరుగుతాయి, తేడా అంతే. సూర్యుడు కూడా బృహస్పతి లాగడం వల్ల కదులుతూనే ఉంటాడు, ఆ ఇద్దరి ఉమ్మడి కేంద్రం సూర్యుడి ఉపరితలానికి కాస్త వెలుపల పడుతుంది. కాబట్టి ఒకరి చుట్టూ ఒకరు తిరగడం ఈ జంటకు మాత్రమే దక్కిన ప్రత్యేకత కాదు.

ఇక అరుంధతి, వశిష్ఠుడు పరస్పరం తిరుగుతున్నారనే అనుకున్నా, ఒక్క చుట్టుకు లక్షల సంవత్సరాలు పడుతుంది. అంత నెమ్మది కదలికను ఏ తరంలోనూ ఎవరి కన్నూ పట్టుకోలేదు. అందువల్ల పూర్వుల గొప్పదనం తగ్గిపోతుందని నేను అనుకోను. గృహ్యసూత్రాలలో ధ్రువుణ్ణీ అరుంధతినీ చూపించమని చెప్పినవారు ఆకాశాన్ని శ్రద్ధగా చూసినవారు. ముందు పక్కనున్న పెద్ద చుక్కను చూపి, చూపు కుదురుకున్నాక చిన్న చుక్కను చూపించాలన్న స్థూలారుంధతీ న్యాయం ఈనాటికీ టెలిస్కోపు దగ్గర నిలబడి చుక్కలు చూపించేవాళ్ళు చేసే పనే. వాళ్ళకు తెలిసిన దాన్ని తెలిసినట్టుగా గౌరవిస్తే చాలు, తెలియని దాన్ని అంటగట్టవలసిన అవసరం లేదు.

ఇప్పుడు నిర్మాణం. ఈ వ్యవస్థ మనకు సుమారు 83 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. ఆకాశంలో మిజార్‌కూ ఆల్కోర్‌కూ మధ్య ఎడం దాదాపు 12 ఆర్క్ నిమిషాలు, అంటే డిగ్రీలో అయిదో వంతు. టెలిస్కోపులో చూస్తే మిజార్ 14 ఆర్క్ సెకన్ల (ఆర్క్ సెకనంటే ఆర్క్ నిమిషంలో అరవయ్యో వంతు) ఎడంతో ఎ, బి అనే రెండు చుక్కలుగా విడిపోతుంది. ఆ దూరం దగ్గర 14 ఆర్క్ సెకన్లంటే కనీసం 360 ఖగోళ ప్రమాణాలు. ఒక ఖగోళ ప్రమాణమంటే భూమికీ సూర్యుడికీ మధ్య ఉన్న సగటు దూరమని పిల్లలకు తెలిసే ఉంటుంది. ఈ ఎ, బిలు ఒకదాని చుట్టూ ఒకటి తిరిగి రావడానికి కొన్ని వేల ఏళ్ళు పడుతుంది. అంతటితో ఆగదు. మిజార్ ఎ మళ్ళీ రెండు నక్షత్రాలు, వాటి పరిభ్రమణ కాలం 20.54 రోజులు. మిజార్ బి కూడా రెండే, దాని కాలం దాదాపు 175.6 రోజులు. ఆల్కోర్ పక్కన ఒక ఎర్ర మరుగుజ్జు, అంటే సూర్యుడికంటే చిన్నదీ మసకదీ అయిన ఎర్రటి నక్షత్రం ఉంది.

ఈ అమరిక ఎందుకు నిలుస్తుందో పిల్లలకు తప్పక చెప్పండి. నాలుగైదు నక్షత్రాలను ఇంచుమించు సమాన దూరాలలో వదిలితే అవి ఒకదాన్నొకటి లాగి, తేలికైన వాటిని బయటికి విసిరేస్తాయి. ఇక్కడ అలా కాలేదు. లోపలి జంట మధ్య దూరం పావు ఖగోళ ప్రమాణం, రెండు జంటల మధ్య దూరం వందల ప్రమాణాలు, ఆల్కోర్ దగ్గరికి వచ్చేసరికి అది పదివేలల్లోకి పోయింది. బయటివాటికి లోపలి జంట ఒక్క వస్తువులాగే అనిపిస్తుంది. మన ఆకాశంలో చాలాకాలంగా చెదరకుండా ఉన్న బహుళ నక్షత్ర వ్యవస్థలన్నీ ఇలా జంటలో జంటగా ఒదిగినవే.

వర్ణరేఖ:

ధ్రువరేఖ గారు నిర్మాణం చెప్పారు కనుక, కంటికీ టెలిస్కోపుకూ దొరకని నక్షత్రాలు ఎలా బయటపడ్డాయో నేను రాస్తాను. నా దృష్టిలో ఈ కథ మొత్తానికీ ప్రాణం ఇదే.

మిజార్ ఎ వర్ణపటంలో, అంటే దాని కాంతిని రంగులుగా విడదీసిన పట్టీలో, కాల్షియం వల్ల ఏర్పడే కె రేఖ అనే నల్లని గీత ఒకటి 393.4 నానోమీటర్ల దగ్గర ఉంటుంది. హార్వర్డ్ వేధశాలలో తీసిన ఫొటో పలకల మీద ఆ రేఖ కొన్ని రాత్రులు ఒక్కటిగానూ, మరికొన్ని రాత్రులు నిలువునా రెండుగా చీలినట్టుగానూ కనిపించింది. ఆ పలకలను ఆంటోనియా మోరీ పరిశీలించారు, ఎడ్వర్డ్ పికరింగ్ 1889లో ఫలితాన్ని ప్రకటించారు. అక్కడ ఒక్క చుక్కగా కనిపిస్తున్నది నిజానికి రెండు నక్షత్రాలనీ, ఒకటి మన వైపు వస్తున్నప్పుడు రెండవది దూరంగా పోతుంటుందనీ, డాప్లర్ ప్రభావం వల్ల ఒకదాని రేఖ నీలం వైపుకూ రెండవదాని రేఖ ఎరుపు వైపుకూ జరుగుతున్నాయనీ వారు గ్రహించారు. రెండూ మన చూపుకు అడ్డంగా కదులుతున్నప్పుడు రేఖలు మళ్ళీ కలిసిపోతాయి. చీలిక ఎంత వెడల్పైనప్పుడు కూడా నానోమీటరులో అయిదో వంతుకు మించదు. ఏ టెలిస్కోపూ విడదీసి చూపలేని జంటను వర్ణపటం పట్టివ్వడం అదే మొదటిసారి. మొదట్లో పరిభ్రమణ కాలాన్ని 104 రోజులుగా లెక్కించారు, 1901లో జర్మనీలోని పోట్స్‌డామ్ వేధశాలలో హెర్మన్ ఫోగెల్ దాన్ని 20.5 రోజులకు సరిదిద్దారు.

ద్రవ్యరాశి దగ్గరికి వద్దాం. రేఖల ఊగిసలాటను బట్టి రెండు నక్షత్రాల వేగాల ఊపు సెకనుకు ఒక్కొక్కటీ 70 కిలోమీటర్లకు కాస్త అటూ ఇటుగా ఉందని తెలుస్తుంది. రెండూ ఇంచుమించు సమానం కనుక ద్రవ్యరాశులూ ఇంచుమించు సమానం. అయితే వర్ణపటం మన వైపు వచ్చే వేగాన్నే చెబుతుంది, కక్ష్య ఎంత వాలి ఉందో చెప్పదు. ఆ వాలు తెలియనిదే అసలు ద్రవ్యరాశి తేలదు. దానికోసం ఆ రెండు చుక్కలను విడివిడిగా చూడవలసి వచ్చింది. 1920లలో మౌంట్ విల్సన్ మీద ఫ్రాన్సిస్ పీజ్ ఇంటర్‌ఫెరోమీటర్‌తో, అంటే ఎడంగా ఉన్న అద్దాల కాంతిని కలిపి సూక్ష్మమైన ఎడాలను కొలిచే పరికరంతో, ఆ పనికి పూనుకున్నారు. 1990లలో అరిజోనా రాష్ట్రంలోని ఫ్లాగ్‌స్టాఫ్ దగ్గర, అమెరికా నౌకాదళం వారి ఇంటర్‌ఫెరోమీటర్ ఎడంగా నిలిపిన చిన్న అద్దాల కాంతిని కలిపి, ఆ జంట తిరిగే దారిని పూర్తిగా గీసి చూపింది. కక్ష్య అర్ధ దీర్ఘాక్షం (దీర్ఘవృత్తం పొడవులో సగం) ఆకాశంలో 0.0098 ఆర్క్ సెకన్లు, వాలు సుమారు 60 డిగ్రీలు, ఉత్కేంద్రత (కక్ష్య ఎంత సాగి ఉందో చెప్పే కొలత) 0.53 అని తేలింది.

ఇక లెక్క మీ పిల్లలు కూడా చేయగలరు. వేగమూ, కాలమూ, వాలూ తెలిశాయి కనుక కక్ష్య అర్ధ దీర్ఘాక్షం 0.25 ఖగోళ ప్రమాణాలు అని వస్తుంది. కెప్లర్ మూడో నియమం ప్రకారం ఆ దూరాన్ని ఘనం చేసి, కాలాన్ని సంవత్సరాలలోకి మార్చి వర్గం చేసి భాగిస్తే మొత్తం ద్రవ్యరాశి సూర్యుడికి ఎన్ని రెట్లో వస్తుంది. 0.25 ఘనం 0.0156. 20.54 రోజులను 365.25తో భాగించి వర్గం చేస్తే 0.00316. భాగహారం చేస్తే 4.9. అంటే ఒక్కొక్కటీ సూర్యుడికి దాదాపు రెండున్నర రెట్లు. తర్వాతి కొలతలలో కొన్ని ఇంతకంటే కాస్త తక్కువగా, 2.2 రెట్ల దగ్గర ఇచ్చాయి.

నాకు ఎంతో ఇష్టమైన మెట్టు దీని తర్వాతిది. ఒక పొడవు ఖగోళ ప్రమాణాలలో తెలిసి, అదే పొడవు ఆర్క్ సెకన్లలోనూ తెలిస్తే, మొదటిదాన్ని రెండవదానితో భాగిస్తే చాలు, దూరం పార్సెక్కులలో (ఒక పార్సెక్కు 3.26 కాంతి సంవత్సరాలు) వచ్చేస్తుంది. 0.25ను 0.0098తో భాగిస్తే 25.5 పార్సెక్కులు, అంటే 83 కాంతి సంవత్సరాలు. నక్షత్రం ఎంత వెలుగుతుందో, ఏ రకానికి చెందినదో ఏమీ ఊహించకుండా, కేవలం జ్యామితితో వచ్చిన దూరం ఇది. హిప్పార్కోస్ ఉపగ్రహం పూర్తిగా వేరే దారిలో చేసిన కొలతలు కూడా ఎనభై కాంతి సంవత్సరాల ప్రాంతంలోనే ఉన్నాయి.

నల్లబల్ల:

వర్ణరేఖ గారూ, ఆ రెండు భాగహారాలనూ బోర్డు మీద చేయించడానికి నోట్సులో రాసుకున్నాను. రెండు సందేహాలు మిగిలాయి. మిజార్ బి విషయంలో కూడా ఇలాగే ద్రవ్యరాశి తేలిందా? రెండవది, ఆల్కోర్ ఒక్క చుట్టు తిరగడానికి లక్షల ఏళ్ళు పడితే, అది మిజార్‌కు కట్టుబడి ఉందని ఎవరైనా ఎలా చెప్పగలరు?

వర్ణరేఖ:

మిజార్ బిలో అంత అదృష్టం లేదు. ఎడ్విన్ ఫ్రాస్ట్, హన్స్ లుడెన్‌డార్ఫ్ ఇద్దరూ 1908లో అది కూడా జంటేనని కనుగొన్నారు. కానీ అక్కడ ఒక నక్షత్రం రేఖలే కనిపిస్తాయి, అవి అటూ ఇటూ ఊగుతుంటాయి. రెండవది మరీ మసకగా ఉండడం వల్ల దాని రేఖలు వెలుగులో కలిసిపోతాయి. కాబట్టి కనిపించే నక్షత్రం ద్రవ్యరాశిని దాని రంగునూ వెలుగునూ బట్టి సూర్యుడికి ఒకటిన్నర రెట్లకు పైగా ఉంటుందని అంచనా వేయాలి, తోడు నక్షత్రం కనీస ద్రవ్యరాశిని ఆ ఊపు నుంచి రాబట్టాలి. నేరుగా తూచినట్టు కాదు. ఆల్కోర్ సంగతి దానిని ఎక్కువగా గమనించినవారు రాస్తే బాగుంటుంది.

సాయంసంధ్య:

నేను గణితం జోలికి పోను, చూడడం గురించి రాస్తాను. పిల్లలకు చూపించాలనుకుంటే ఏ నెలలో చూపించాలో ముందే తెలిసి ఉండాలి. హైదరాబాదు అక్షాంశంలో మే నెల చివర రాత్రి తొమ్మిది ప్రాంతంలో మిజార్ ఉత్తరాన సుమారు 52 డిగ్రీల ఎత్తున, హాయిగా తల ఎత్తి చూసేటంత ఎత్తులో ఉంటుంది. ఫిబ్రవరి మధ్యలో అయితే రాత్రి ఎనిమిది దాటాక ఈశాన్యాన అప్పుడే లేస్తుంది. కార్తీక మాసంలో సాయంత్రం అది అసలు ఉండదు, సూర్యాస్తమయ ప్రాంతంలోనే కుంకి, తెల్లవారుజామున రెండు ప్రాంతంలో ఉదయిస్తుంది. కార్తీకంలో రాత్రి ముహూర్తం పెళ్ళిళ్ళలో అరుంధతిని చూపిస్తున్నప్పుడు ఆ దిక్కున నిజంగా ఆ చుక్క ఉందో లేదో ఈ లెక్కతో సరిచూసుకోవచ్చు. నేను ఇప్పుడు న్యూజెర్సీలో ఉంటున్నాను. ఇక్కడ మిజార్ ఏడాది పొడవునా దిగంతం కిందికి దిగదు, అయితే శరదృతువు సాయంత్రాలలో ఉత్తరాన ఎంత కిందికి వస్తుందంటే చెట్లూ ఇళ్ళూ దాన్ని కప్పేస్తాయి.

అరవై మిల్లీమీటర్ల కటకం ఉన్న చిన్న టెలిస్కోపులో, యాభై రెట్ల దగ్గర మిజార్ ఎ, బిలు పక్కపక్కన రెండు తెల్లటి చుక్కలుగా చక్కగా విడిపోతాయి. ఒకటి రెండవదానికంటే స్పష్టంగా ప్రకాశవంతం. అదే దృశ్యంలో మిజార్, ఆల్కోర్‌లతో త్రిభుజంలా నిలిచే ఎనిమిదో పరిమాణపు, అంటే ఉత్త కంటికి అందనంత మసకైన, చుక్క ఒకటి కనబడుతుంది, దాన్ని తప్పకుండా చూపించండి. 1722లో యోహాన్ లీబ్‌క్నెహ్ట్ అనే జర్మన్ పండితుడు దాన్ని కొత్త గ్రహమనుకుని తన పాలకుడి పేరు పెట్టాడు. అది గ్రహమూ కాదు, ఈ వ్యవస్థకు చెందినదీ కాదు, చాలా వెనక ఎక్కడో ఉన్న నక్షత్రం. చూపు వరుసలో పడిన పొరుగుకూ నిజమైన బంధుత్వానికీ తేడా ఒక్క దృశ్యంలోనే పిల్లలకు తెలుస్తుంది.

ధ్రువరేఖ:

సాయంసంధ్య గారు చెప్పిన ఆ తేడా మీదే మాస్టారి రెండవ ప్రశ్న నిలుస్తుంది. గెలీలియోతోనే మొదలుపెడతాను. ఆయన మిత్రుడు బెనెడెట్టో కాస్టెలీ చూడమని చెప్పగా 1617 జనవరిలో గెలీలియో మిజార్‌ను చూసి, రెండు చుక్కల మధ్య ఎడం 15 ఆర్క్ సెకన్లని రాసుకున్నాడు. నేటి విలువకు అది ఆశ్చర్యమైనంత దగ్గర. ఆయన ఆశ వేరు. ప్రకాశవంతమైన చుక్క దగ్గరగానూ మసకది దూరంగానూ ఉంటే, భూమి సూర్యుడి చుట్టూ తిరిగే కొద్దీ రెండింటి మధ్య ఎడం మారాలి, దాన్ని చూపితే భూమి కదులుతోందని రుజువవుతుంది. టెలిస్కోపులో చుక్క ఎంత పెద్దగా కనిపించిందో దాన్నిబట్టి ఆయన మిజార్ దూరాన్ని 300 ఖగోళ ప్రమాణాలుగా లెక్క కట్టాడు. నిజమైన దూరం 52 లక్షల ప్రమాణాలు. పైగా రెండు చుక్కలూ ఒకే దూరంలో ఉన్నవి కనుక ఆయన వెతికిన మార్పు ఎన్నటికీ కనిపించేది కాదు.

అదే ఉపాయం దాదాపు నాలుగు వందల ఏళ్ళ తర్వాత ఆల్కోర్ దగ్గర ఫలించింది. 2009లో రెండు బృందాలు వేర్వేరుగా ఆల్కోర్ పక్కనే, ఒక ఆర్క్ సెకను ఎడంలో, మసక చుక్కను కనుగొన్నాయి. ఒకటి ఎరిక్ మామాజెక్ బృందం, వారు అరిజోనాలోని 6.5 మీటర్ల ఎమ్ఎమ్‌టీ టెలిస్కోపును వాడారు. రెండవది పాలోమార్‌లోని 5 మీటర్ల హేల్ టెలిస్కోపుతో పనిచేసిన ప్రాజెక్ట్ 1640 బృందం. నక్షత్రం నడిమి వెలుగును అడ్డుకుని, గాలి కదలికల వల్ల వచ్చే చెదురును సెకనుకు ఎన్నోసార్లు సరిచేసే పరికరాలు లేకపోతే అది కనబడేది కాదు. ఆల్కోర్ సూర్యుడికి 14 రెట్లు వెలుగుతుంది, తోడు నక్షత్రం సూర్యుడి వెలుగులో నూరో వంతు దగ్గర ఉంటుంది. భూమి కక్ష్యలో కదిలే కొద్దీ వెనకనున్న దూరపు నక్షత్రమైతే ఒకలా, ఆల్కోర్ దూరంలోనే ఉన్నదైతే ఆల్కోర్‌తో పాటూ జరగాలి. కొద్ది నెలలలోనే అది ఆల్కోర్‌తో కలిసి జరిగిందని పాలోమార్ బృందం చూపింది. అంతకు ముందే ఆల్కోర్ దిక్కు నుంచి ఎక్స్ కిరణాలు అందాయి. ఆల్కోర్ తరగతికి చెందిన వేడి నక్షత్రాలు సాధారణంగా వాటిని వెలువరించవు, ఎర్ర మరుగుజ్జులు వెలువరిస్తాయి కనుక ఆ చిక్కు కూడా విడిపోయింది.

ఇక ఆల్కోర్, మిజార్‌ల బంధం. చూపుకు అడ్డంగా కొలిస్తే వాటి మధ్య దూరం 17,700 ఖగోళ ప్రమాణాల దగ్గర ఉంటుంది. లోతును కూడా కలుపుకుని మామాజెక్ బృందం వేసిన విలువ 74,000, దానిలో అటూ ఇటూ 39,000 వరకూ తేడా ఉండవచ్చు. ఎనభై మూడు కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న వాటిలో ఏది ఎంత ముందుంది, ఎంత వెనకుంది అని ఒక కాంతి సంవత్సరం కచ్చితత్వంతో చెప్పడం అంత కష్టం. ఆరింటి మొత్తం ద్రవ్యరాశిని సూర్యుడికి తొమ్మిది రెట్లుగా తీసుకుని వర్ణరేఖ గారి కెప్లర్ సూత్రంలోనే వేస్తే, మొదటి దూరానికి ఒక చుట్టు దాదాపు ఎనిమిది లక్షల ఏళ్ళు, రెండవదానికి దాదాపు 67 లక్షల ఏళ్ళు వస్తుంది. గెలీలియో కాలం నుంచి నేటి వరకూ ఆ తిరుగుడు వల్ల ఆకాశంలో వచ్చే మార్పు ఒకటి రెండు ఆర్క్ సెకన్లకు మించదు, వాటి మధ్య ఎడమేమో ఏడు వందల పైచిలుకు. అందువల్ల తిరుగుడును చూసి బంధాన్ని నిర్ధారించే దారి మూసుకుపోయింది.

మిగిలిన దారి వేగం. రెండూ ఆకాశంలో ఏడాదికి 0.12 ఆర్క్ సెకన్ల చొప్పున దాదాపు ఒకే దిక్కుకు కదులుతున్నాయి. నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను: ఇంత దగ్గర వేగాలతో ఇంత దగ్గరగా ఉండడం యాదృచ్ఛికమని నేను నమ్మలేను, ఆరూ ఒకే వ్యవస్థ.

వర్ణరేఖ:

ధ్రువరేఖ గారితో నేను చాలావరకూ ఏకీభవిస్తాను, కానీ ఒక జాగ్రత్త చెప్పాలి. సప్తర్షులలో క్రతువు, మరీచి తప్ప మిగిలిన అయిదూ ఒకే నక్షత్ర సమూహానికి చెందినవి, సుమారు 40 నుంచి 50 కోట్ల ఏళ్ళ క్రితం ఒకే మేఘం నుంచి పుట్టి నేటికీ కలిసి ప్రయాణిస్తున్నాయి. వాటి ఉమ్మడి కదలికను 1869లోనే రిచర్డ్ ప్రాక్టర్ గుర్తించాడు. కాబట్టి ఒకే వేగంతో కదలడం ఒక్కటే బంధానికి రుజువు కాదు, ఒకే గుంపులో పుట్టిన తోబుట్టువులకూ అది ఉంటుంది. అడగవలసిన ప్రశ్న వేరు. 74,000 ప్రమాణాల దూరంలో, తొమ్మిది సూర్యుల ద్రవ్యరాశికి, తప్పించుకుపోవడానికి కావలసిన వేగం సెకనుకు అర కిలోమీటరు కంటే కాస్త తక్కువ. ఆల్కోర్‌కూ మిజార్‌కూ మధ్య వేగంలో తేడా అంతకంటే తక్కువైతే కట్టుబడినట్టు, ఎక్కువైతే కానట్టు.

ఆ అర కిలోమీటరును కొలవడమే కష్టం. మిజార్‌లో కనిపించే ప్రతి నక్షత్రమూ తన తోడుతో సెకనుకు కొన్ని కిలోమీటర్ల నుంచి పదుల కిలోమీటర్ల వరకూ వేగంతో ఊగుతోంది, ఆ ఊపులన్నింటినీ తీసివేసి మొత్తం వ్యవస్థ వేగాన్ని రాబట్టాలి. ఆల్కోర్ తన చుట్టూ తాను సెకనుకు రెండు వందల కిలోమీటర్లకు పైగా వేగంతో తిరగడం వల్ల దాని వర్ణరేఖలు వెడల్పై, వాటి నడిమి స్థానం గుర్తించడం ఇంకా కష్టమవుతుంది. మాస్టారూ, పిల్లలకు చెప్పేటప్పుడు మిజార్‌లో నాలుగు ఉన్నాయని, ఆల్కోర్‌లో రెండు ఉన్నాయని నిస్సంకోచంగా చెప్పండి. ఆ నాలుగూ ఈ రెండూ ఒకదానికొకటి కట్టుబడి ఉన్నాయనేది బలమైన అంచనాగా చెప్పి, వేగం కొలతల మీద అది ఎలా ఆధారపడి ఉందో ఆ అర కిలోమీటరు లెక్కతో వాళ్ళచేతనే చేయించండి.